పొద్దు కుంగితే మనసూ కుంగుతుందా?

పోయిన డిసెంబరులో కుప్పంలో మా చెల్లెల్ని ఆస్పత్రిలో చూపించి, సాయంత్రం బస్సుకు మదనపల్లెకు తిరిగి వస్తున్నాను. వి.కోట చేరేలోపే చీకటి పడిపోయింది. కిటికీలోంచి చూస్తే దూరంగా ఒక పొలం నిండా దీపాలు! పెళ్లి పందిరేమో అనుకున్నాను. మేళం లేదు, మనుషులూ లేరు. వరసగా లాగిన తీగలకు బల్బులు, వాటి కింద మొక్కలు. పక్క సీట్లో పెద్దామె నా మొహం చూసి నవ్వింది.

"చామంతి తోటమ్మా! రాత్రి పొడుగైతే మొక్క ఎదగక ముందే మొగ్గేస్తాది. ఇంకా పగలే అని దాన్ని మాయజేసేదానికి లైట్లేస్తారు. బాగా ఎదిగినాక ఆర్పేస్తారు" అంది.

మొక్కను మాయజేయడం! ఇంటికి చేరేదాకా నాకు అదే ఆలోచన. కళ్లు లేని చామంతికి రాత్రి ఎంత పొడుగో తెలుసు. చలికాలంలో గుడ్లు తగ్గకుండా కోళ్లఫారాల్లో చీకట్లోనే బల్బులు వేయడం మన వైపు అందరం చూసిందే. పగటి పొడుగును బట్టి కోడి ఒంట్లో హార్మోన్లు మారతాయి. మరి మనిషి సంగతేమిటి? అందులోనూ రోజంతా నాలుగు గోడల మధ్య తిరిగే ఆడమనిషి సంగతి?

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. దీని వెనక నేను చేసిన రెండు పొరపాట్లున్నాయి. ఒకటి మా ఆడబిడ్డ విషయంలో, రెండోది చెల్లెలి విషయంలో. దాచుకోకుండా చెబితే ఇంకొక ఇంట్లో అవి జరగకుండా ఉంటాయేమోనని ఆశ.

"అక్కడ నీకేం తక్కువ?"

మా అత్తగారి ఊరు పుంగనూరు. ఆడబిడ్డ పెళ్లయ్యాక భర్త ఉద్యోగం కోసం స్కాట్లాండులోని ఎడిన్‌బరోకు వెళ్లింది. రెండేళ్ల కిందట, కార్తీకమాసం వెళ్లిన కొత్తలో నాకు ఫోన్ చేసింది. గొంతు నీరసంగా ఉంది.

"వదినా, పొద్దున లేయబుద్ధి కాలేదు. పదిగంటలు పండుకున్నా నిద్దర తీరలేదు. ఎప్పుడు చూసినా అన్నమో బ్రెడ్డో స్వీటో తినాలనిపిస్తా ఉంది. బిడ్డ మీద ఊరికే కసురుకుంటా ఉండా. మళ్లీ నేనే ఏడుస్తా ఉండా. ఎందుకో తెలీదు."

నేనేమన్నానో తెలుసా? "అక్కడ నీకేం తక్కువమ్మా? నీళ్ల కరువు లేదు, కరెంటు కోత లేదు. ఖాళీగా కూర్చుంటే అట్లే ఉంటుంది. ఏదన్నా పని పెట్టుకో!" పక్కనుంచి మా అత్తగారు, "చలికి ముడుచుకొని పండుకుంటే మనసు బాగుంటాదా? పైగా దిష్టి తగిలుంటాది. ఉప్పూ మిరపకాయలూ తీసెయ్యమను" అన్నారు.

"సరే వదినా" అని ఫోన్ పెట్టేసింది. తర్వాత నెలన్నర నాకు ఫోన్ రాలేదు.

సంక్రాంతి రోజు ఆమె భర్త చెప్పాడు. ఆఫీసుకు సెలవు పెట్టి తనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాడట. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "ఇది పోయిన ఏడు కూడా ఇదే నెలల్లో వచ్చిందా?" వచ్చింది. అంతకుముందు ఏడు కూడా వచ్చింది. మార్చి చివరికి తనంతట తనే తగ్గిపోయేది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఆ డాక్టరు దీన్ని చలికాలంలో వచ్చే డిప్రెషన్ అన్నాడు. కౌన్సెలింగ్ మొదలుపెట్టాడు. పొద్దున్నే కాంతివంతమైన ఒక దీపం ముందు కూర్చోమన్నాడు.

ఇదంతా విన్నాక నాకు ఒక సంగతి గుర్తొచ్చి సిగ్గేసింది. జూన్‌లో ఆమె మాకు రాత్రి తొమ్మిదిన్నరకు తీసిన ఫొటోలు పంపేది. వాటిలో ఇంకా వెలుతురు ఉండేది! "మీ ఊళ్లో పొద్దే కుంకదా?" అని నవ్వుకున్నామే కానీ, అంత పొడుగు పగలున్న ఊళ్లో డిసెంబరు పగలు ఎంత కురచగా ఉంటుందో ఒక్కసారైనా అడగలేదు. డిసెంబరు నడుమ ఎడిన్‌బరోలో పగలు సుమారు 7 గంటలే. ఎనిమిదిన్నర దాటాక తెల్లవారుతుంది. మూడున్నర దాటగానే పొద్దు గుంకుతుంది. ఆ కాస్త పగలూ ఎక్కువగా మబ్బే.

కంటి నుంచి మనసు దాకా...

ఆ తర్వాత నేను పుస్తకాలు తిరగేశాను. డిగ్రీలో చదివింది చరిత్ర. అయినా పట్టుబట్టి చదివితే అర్థం కాని విషయమేమీ కాదిది.

మన కంటి లోపలి తెరలో, అంటే రెటీనాలో, కొన్ని ప్రత్యేకమైన కణాలున్నాయి. వాటి ముఖ్యమైన పని బొమ్మలు చూపించడం కాదు, బయట ఎంత వెలుతురుందో మెదడుకు చెప్పడం. ఇవి నేరుగా వెలుతురుకు స్పందిస్తాయని 2002లో తేలింది. ఆ కబురు మెదడు అడుగుభాగంలో ఉండే చిన్న గడియారానికి చేరుతుంది. ఆ గడియారం మాట వినే పీనియల్ అనే చిన్న గ్రంథి చీకటి పడ్డాక మెలటోనిన్ అనే హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ బృందం పశువుల పీనియల్ గ్రంథుల నుంచి మొదటిసారి ఈ హార్మోన్‌ను వేరుచేసింది. ఒక్కమాటలో చెప్పాలంటే మెలటోనిన్ ఒంటికి వేసే చాటింపు: "రాత్రయిందహో!"

రాత్రి పొడుగైతే చాటింపూ పొడుగవుతుంది. గొర్రెలవంటి జంతువులు ఏ ఋతువులో ఎదకు రావాలో ఈ చాటింపు పొడుగును బట్టే తెలుసుకుంటాయి. మనిషికి ఇవేమీ వర్తించవని చాలాకాలం అనుకున్నారు. 1980లో ఆల్‌ఫ్రెడ్ లూయీ అనే శాస్త్రవేత్త, కాంతి బాగా ఎక్కువగా ఉంటే మనిషిలో కూడా రాత్రిపూట మెలటోనిన్ తగ్గిపోతుందని చూపించాడు.

ఇక ఈ దిగులుకు పేరు పెట్టింది నార్మన్ రోసెంథాల్ అనే మానసిక వైద్యుడు. ఎండ బాగా కాసే దక్షిణాఫ్రికాలో పుట్టి పెరిగిన ఆయన, అమెరికా వెళ్లాక మొదటి చలికాలంలోనే తన ఉత్సాహం తగ్గిపోవడం గమనించాడు. ఆయన బృందం 1984లో 29 మంది రోగుల వివరాలతో ఒక వ్యాసం ప్రచురించి, 'సీజనల్ ఎఫెక్టివ్ డిజార్డర్' అని పేరు పెట్టింది. క్లుప్తంగా 'శాడ్'. మామూలు డిప్రెషన్‌లో చాలామందికి నిద్ర పట్టదు, ఆకలి పోతుంది. ఇందులో తరచుగా దానికి ఎదురు. నిద్ర ఎక్కువ, తిండి మీద యావ, అందులోనూ పిండిపదార్థాలూ తీపీ. ఒళ్లు బరువు. మా ఆడబిడ్డ ఫోన్‌లో చెప్పింది అక్షరాలా ఇదే!

ఇది మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో చాలా ఎక్కువ. అందులోనూ పిల్లల్ని కనే వయసులో ఎక్కువ.

మరి ఇందులో హార్మోన్ల పాత్ర ఎంత? 2001లో థామస్ వేర్ బృందం చేసిన పరిశీలనలో, ఈ జబ్బున్నవాళ్లకు మెలటోనిన్ విడుదలయ్యే సమయం వేసవిలో కంటే చలికాలంలో ఎక్కువగా ఉంది. జబ్బు లేనివాళ్లలో ఆ తేడా కనిపించలేదు. ఇంకో వాదన లోపలి గడియారం గురించి. చలికాలం పొద్దున వెలుతురు ఆలస్యమైతే ఆ గడియారం వెనకబడుతుందట. గోడ గడియారం ఏడు కొట్టినా ఒంటికి ఇంకా అర్ధరాత్రే! మూడోది సెరటోనిన్. మెదడులో మనసును నిలకడగా ఉంచే రసాయనాల్లో ఇదొకటి. 2002లో ఆస్ట్రేలియాలో 101 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్లను పరీక్షిస్తే, మెదడులో సెరటోనిన్ తయారై ఖర్చయ్యే వేగం చలికాలంలో అన్నిటికంటే తక్కువగా ఉంది. ఎండ బాగా ఉన్న రోజున పెరిగింది.

మెలటోనిన్ తయారయ్యేది సెరటోనిన్ నుంచే. అందుకని "రాత్రి పొడుగైతే సెరటోనిన్ అంతా మెలటోనిన్‌గా మారిపోతుంది, అదే దిగులు" అని కొందరు తేల్చేస్తుంటారు. అంత సులువైన లెక్క కాదిది. పీనియల్ గ్రంథిలో జరిగే పని వేరు, మనసును నడిపే మిగతా మెదడులో జరిగే పని వేరు. హార్మోన్లు, గడియారం, పుట్టుకతో వచ్చిన తత్వం... ఇవన్నీ కలిసి చేసే పని ఇది. ఒక్కటి మాత్రం స్పష్టం. ఇది సోమరితనం కాదు, దిష్టి అంతకన్నా కాదు.

మరి మన వైపు?

ఇక్కడ నాకో అనుమానం వచ్చింది. మీకూ వచ్చే ఉంటుంది. మదనపల్లె ఎక్కడ, ఎడిన్‌బరో ఎక్కడ! మన ఊరు సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి చలి ఉంటుంది. పుంగనూరు, కుప్పం కూడా ఈ పీఠభూమి మీదివే. కానీ చలి వేరు, చీకటి వేరు. మనకు డిసెంబరులో అతి చిన్న పగలు కూడా 11 గంటల 20 నిమిషాల దాకా ఉంటుంది. జూన్ పగటికీ దీనికీ తేడా గంటన్నర పైచిలుకే. ఎడిన్‌బరోలో ఆ తేడా పది గంటలు దాటుతుంది!

1990లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో ఉత్తరాన ఉన్న న్యూహాంప్‌షైర్‌లో నూటికి దాదాపు 10 మందిలో ఈ జబ్బు కనిపిస్తే, దక్షిణాన ఎండల ఫ్లోరిడాలో ఇద్దరు కూడా లేరు. అలాగని వెలుతురు ఒక్కటే కారణం అనలేం. ధ్రువవృత్తానికి దగ్గరగా ఉన్న ఐస్‌లాండ్‌లో అనుకున్నదానికంటే తక్కువగా ఉందని 1993లో తేలింది. ఏమైనా, మన వైపు అసలైన 'శాడ్' అరుదుగానే ఉండాలి.

అయితే నా నోటుపుస్తకాలు ఇంకో మాట చెప్పాయి. కథ పూర్తికాగానే కింద తేదీ వేయడం నా అలవాటు. ఒకరోజు పాత పుస్తకాలు తీసి చూస్తే, పదకొండేళ్లలో రాసిన కథల్లో ఒక్కటీ డిసెంబరు తేదీతో లేదు. నవంబరు నుంచి జనవరి దాకా సగంలో ఆగిన పేజీలే. ఆ నెలల్లో నాకు ఏడుపు రాదు, కానీ ఉత్సాహమూ ఉండదు. పిల్లల్ని బడికి పంపి మళ్లీ దుప్పట్లో దూరాలనిపిస్తుంది.

మా ఊళ్లో డాక్టరమ్మకు ఇదంతా చెప్పాను. ఆవిడ నవ్వలేదు. థైరాయిడ్, రక్తహీనత, షుగర్ పరీక్షలు రాశారు. థైరాయిడ్ బాగానే ఉంది. రక్తం కాస్త తక్కువుందని ఐరన్ మాత్రలిచ్చారు. తర్వాత, "ఇది జబ్బు దాకా వెళ్లలేదు. కానీ ఒకటి చెప్పండి, పగలు మీరు ఎక్కడుంటారు?" అన్నారు.

"ఇంట్లో."

"ఇంట్లో ఎక్కడ?"

నేను ఆలోచించాను. మా వంటిల్లు వెనకవైపు, ఉత్తరాన. పక్కవాళ్లు మేడ మీద మేడ లేపాక అందులో పట్టపగలు కూడా లైటు వేసుకోవాల్సిందే. నేను వారం రోజులు గడియారం చూసి రాసుకున్నాను. ఆరుబయట గడిపింది రోజుకు పదిహేను నిమిషాలు కూడా లేదు! ఐదున్నరకు లేచి వంటింట్లోకి వెళితే మళ్లీ వెలుగు చూసేది బట్టలారేయడానికే.

వెలుతురును 'లక్స్' అనే లెక్కలో కొలుస్తారు. మన ఇళ్లలో రాత్రి లైటు వెలుతురు నూరు నుంచి మూడు నూర్ల లక్స్ ఉంటుంది. బయట మబ్బు పట్టిన పగలు కూడా వేలల్లో ఉంటుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష దాకా పోతుంది. మన కన్ను ఎంత చీకటికైనా సర్దుకుంటుంది కాబట్టి ఈ తేడా మనకు తెలియదు. లోపలి గడియారానికి మాత్రం తెలుసు. మన ఊరి ఆకాశంలో ఎండకు లోటు లేదు. అది మన వంటింటి దాకా రాదు, అంతే. పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వైపు వాయుగుండాలు, ముసురు, పొగమంచు. తలుపులు మూసి కూర్చుంటాం.

మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది కదా! 1910ల్లో మొదలైన ఆ శానిటోరియాన్ని డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ ఫ్రిమాట్ మోలర్ నడిపాడు. క్షయకు మందులు లేని ఆ రోజుల్లో మంచి గాలి, వెలుతురు, విశ్రాంతి, మంచి తిండి... అదే వైద్యం. మన ఊరి గాలీ వెలుతురూ వెతుక్కుంటూ ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. ఇక్కడే ఉన్న మనమేమో వాటికి మొహం చాటేస్తున్నాం.

నా రెండో పొరపాటు

ఇంత తెలుసుకున్నాక నేను పెద్ద పండితురాలినైపోయాను. పోయిన అక్టోబరులో కుప్పం నుంచి మా చెల్లెలు, "అక్కా, ఒళ్లు లేయడంలేదే. మనసంతా దిగులుగా ఉంటాది. దేనిమీదా ధ్యాస లేదు" అనగానే, "ఓస్ ఇంతేనా! చలికాలం దిగులు. రోజూ పొద్దున అరగంట ఎండలో కూర్చో" అని చెప్పేశాను. పాపం, అది నా మాట విని రెండు నెలలు మిద్దె మీద కూర్చుంది.

డిసెంబరులో మరిది ఫోన్ చేసి, "వదినా, ఒకసారి వచ్చి చూడండి" అన్నాడు. వెళ్లి చూసి అదిరిపోయాను. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. మిట్టమధ్యాహ్నం ఎండలో స్వెట్టరేసుకుని వణుకుతోంది. "ఎండలోనే కూసోనుండా కదక్కా, అయినా చలి పోలేదు" అంది. దువ్వెన నిండా జుట్టు. నెలసరి లెక్క తప్పింది. మలబద్ధకం. ఇవన్నీ నేను అడిగితే కదా తెలిసేది! అడక్కుండానే వైద్యం చెప్పాను.

వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లి రక్తం ఇప్పించి వచ్చాను. నేను చామంతి తోటను చూసింది ఆ రాత్రే. మర్నాడు రిపోర్టు వచ్చింది. థైరాయిడ్ హార్మోన్ బాగా తక్కువ, దాన్ని తయారుచేయమని అరిచే టి.ఎస్.హెచ్. ఎన్నో రెట్లు ఎక్కువ. మెడలోని ఈ గ్రంథి మందగిస్తే ఒంట్లో అన్ని పనులూ మందగిస్తాయి, మనసుతో సహా. చూడటానికి అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది. ఎండలో ఎంతసేపు కూర్చున్నా తగ్గదు. ఇప్పుడు చెల్లెలు రోజూ పరగడుపున మాత్ర వేసుకుని, ఆ తర్వాత కొంతసేపు ఆగి కాఫీ తాగుతోంది. రెండు మూడు నెలల్లో మళ్లీ మనిషైంది. ఆ రెండు నెలల ఆలస్యం మాత్రం నాదే.

ఆడబిడ్డ కష్టాన్ని బద్ధకం అన్నాను. చెల్లెలి జబ్బును చలి అన్నాను. రెండుసార్లూ నేను చేసిన తప్పు ఒకటే. పూర్తిగా వినకముందే పేరు పెట్టేశాను.

ఏం చేద్దాం?

చలికాలంలో కాస్త మందకొడిగా ఉండటం వేరు, జబ్బు వేరు. దిగులు, దేనిమీదా ఇష్టం లేకపోవడం రెండు వారాలు దాటినా, ఇంటిపనీ పిల్లల పనీ చేసుకోలేకపోయినా డాక్టరు దగ్గరకు వెళ్లాలి. థైరాయిడ్, రక్తహీనత ఉన్నాయేమో ముందు చూపించుకోవాలి. ఏ నెలలో మొదలైంది, ఏ నెలలో తగ్గింది అన్నది క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుంటే డాక్టరుకు ఎంతో సాయం. 'శాడ్' అని చెప్పాలంటే వరసగా కనీసం రెండేళ్లు అదే ఋతువులో వచ్చి పోవాలి.

విదేశాల్లో వాడే దీపం 10,000 లక్స్‌ది. పొద్దున లేచిన కాసేపటికి అరగంట దాని ముందు కూర్చుంటారు. దీపాన్నే గుడ్లప్పగించి చూడరు, పేపరు చదువుకుంటారు. కంటిజబ్బులున్నవాళ్లు, కొన్నాళ్లు అతి ఉత్సాహం కొన్నాళ్లు దిగులు వచ్చేవాళ్లు డాక్టరు చెప్పనిదే వాడకూడదు. మన వైపు ఆ ఖర్చు ఎందుకు? ఏడు, ఎనిమిది గంటల మధ్య ఆరుబయట అరగంట నడిస్తే చాలు. ధనుర్మాసంలో చీకటితో లేచి ముగ్గు వేస్తాం కదా అంటారేమో. ఆ వేళకు వెలుతురు ఉండదు. ముగ్గు వేసి లోపలికి పరుగెత్తకుండా, పొద్దెక్కాక ఇంకోసారి బయటికి రండి. కూరగాయలు తరుక్కోవడం, బియ్యం ఏరుకోవడం వాకిట్లో పెట్టుకోండి. సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడొద్దు.

"బతకాలని లేదు" అన్న మాట ఎవరి నోటి వెంట వచ్చినా ఎండా నడకా అని చెప్పి ఊరుకోవద్దు. వాళ్లను ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్యసాయం అందించండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన 'టెలీ మానస్' సేవకు 14416 నంబరుకు ఏ వేళైనా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

నా సంగతంటారా? పొద్దున కూరగాయలకు మావారి బదులు నేనే వెళుతున్నాను. ఏడున్నర ఎండలో వెళ్లి రావడానికి నలభై నిమిషాలు. ఐరన్ మాత్రలు పనిచేశాయో, వెలుతురు పనిచేసిందో, ఇంటి నుంచి బయటపడటమే పనిచేసిందో నేను విడదీసి చెప్పలేను. కానీ పోయిన జనవరి 9న ఒక కథ పూర్తిచేసి కింద తేదీ వేశాను.

ఆడబిడ్డకు ఫోన్ చేసి, "తప్పయిందమ్మా, నీ మాట పూర్తిగా వినలేదు" అన్నాను. "పోనీలే వదినా" అంది. ఇప్పుడు అక్టోబరు రాగానే మా అత్తగారే పుంగనూరు నుంచి ఫోన్ చేసి అడుగుతున్నారు, "దీపం ముందర కూసున్నావా అమ్మీ?" అని.

మీ ఇంట్లో, మీ వీధిలో, చలికాలం రాగానే ముడుచుకుపోయే అక్కో చెల్లో ఉన్నారా? సలహా తర్వాత. ముందు పక్కన కూర్చుని, చెప్పేది చివరిదాకా వినండి. వీలైతే కాస్త వెలుతురున్న చోట!